రొట్టె కార్డుల వరస

మార్లో మిల్స్, నార్త్ కరోలినా
2 మార్చి 1997

రాయ్స్‌కు,

ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. అందుకని రాస్తున్నాను.

మీ అక్క వర్లీన్ వస్తువులు సర్దడం పూర్తయింది. బట్టలు చర్చికి ఇచ్చాను. కుట్టుమిషను పక్కింటివాళ్ళు తీసుకున్నారు. చర్చి ఆడవాళ్ళు చావింటికని వంటకాలు తేవడం ఆపేశారు. పదకొండు గిన్నెలు వెనక్కి ఇవ్వాలి. ఏది ఎవరిదో అడుగున పేరు రాసి ఉంది కనక ఇబ్బంది లేదు.

మిగిలింది కార్డుల ఆల్బమ్. 1974లో రొట్టెల కంపెనీవాళ్ళు ఒక కార్ల పందెం పెట్టారు కదా. అందులో దిగబోయే నలభై మందికీ బొమ్మల కార్డులు వేసి, రొట్టె పొట్లానికి ఒకటి చొప్పున పెట్టారు. వర్లీన్ నలభై కార్డులూ సంపాదించింది. ఆ వేసవంతా మా ఇంట్లో మూడు పూటలా రొట్టే.

ఆల్బమ్ తెరిచి చూస్తే అంతా గందరగోళం. పన్నెండో నంబరు తర్వాత ముప్ఫై ఒకటి, దాని తర్వాత నాలుగు. ప్లాస్టిక్ జేబులు పసుపెక్కి ఉన్నాయి. కొత్తవి తెప్పించి, కార్డుల వెనకున్న నంబర్ల ప్రకారం ఒకటి నుంచి నలభై దాకా పెట్టాను. నలభై నిమిషాలు పట్టింది. ఇప్పుడు ఎవరు చూసినా అర్థమవుతుంది.

నీ కార్డు ఇరవై మూడో నంబరు. అందులో నీకు జుట్టు బాగా ఉంది. నాకు ఈ పందేల సంగతి తెలియదు. ఆ రంగంలో ఉన్నవాడివి, ఆమె తమ్ముడివి, ఆల్బమ్ నీ దగ్గర ఉండడం న్యాయం. వీలున్నప్పుడు వచ్చి తీసుకెళ్ళు.

నా ఆరోగ్యం బాగానే ఉంది.

ఆల్డెన్


బాసెట్ ఫోర్క్, వర్జీనియా
9 మార్చి

బావా,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ లేచాను. ఏం పని చేశావయ్యా నువ్వు!

అది గందరగోళం కాదు బావా. వరస! అక్క పెట్టుకున్న వరస! ఇరవై రెండేళ్ళ నుంచి ఆ పుస్తకంలో ఏ కార్డు ఎక్కడుండాలో తను చూసుకుంటూ వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు కూడా ఒళ్ళో పెట్టుకుని ఒకణ్ణి అటూ ఒకణ్ణి ఇటూ మార్చింది. నేను కళ్ళారా చూశాను. నువ్వు మందులు తేవడానికి వెళ్ళావు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆ ఆల్బమ్‌ని ఒక్కసారైనా తెరిచి చూశావా?

మందుల షాపు బుద్ధి ఎక్కడికి పోతుంది! మా అక్క పుస్తకాన్ని కూడా సీసాల అరలా సర్దేశావు. నాకొద్దు ఆ నంబర్ల పుస్తకం. నా దగ్గర టెలిఫోన్ డైరెక్టరీ ఉంది, చదువుకోవాలంటే అది చదువుకుంటాను.

ఎక్కువ మాట్లాడితే క్షమించు. గిన్నెలు ఖాళీగా వెనక్కి ఇవ్వకు. అందులో ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. అక్క ఉంటే చెప్పేది.

రాయ్స్


మార్లో మిల్స్
14 మార్చి

రాయ్స్‌కు,

నలభై ఏళ్ళు మందుల షాపు నడిపాను. ఒక్కరికి కూడా తప్పు మందు ఇవ్వలేదు. దేన్నైనా కదిపే ముందు అది ఎక్కడుందో రాసుకోవడం నా అలవాటు. ఈసారి రాసుకోలేదు.

నీ ఉత్తరం అందగానే పాత ప్లాస్టిక్ జేబుల కోసం చెత్తడబ్బా చూశాను. వాటి మీద ఏమైనా గుర్తులుంటాయేమోనని. మంగళవారం బండి వచ్చి తీసుకెళ్ళిపోయింది.

ఈ ఇంట్లో ఇప్పుడు ఉన్నవన్నీ నేను సర్దినవే. ఆమె సర్దింది అదొక్కటే మిగిలింది, దాన్ని నా చేతులతో నేనే చెరిపాను. తిరిగి పెట్టాలి. పెట్టేదాకా వేరే పని లేదు. అది ఏ వరసో నీకు తెలిసినంత రాయి. ఊహించినవి వద్దు. తెలిసినవి.

గిన్నెల్లో దగ్గు బిళ్ళలు వేసి ఇచ్చాను.

ఆల్డెన్


బాసెట్ ఫోర్క్
22 మార్చి

బావా,

దగ్గు బిళ్ళలా! పదకొండు గిన్నెల్లోనా! చర్చి వాళ్ళు ఏమనుకున్నారో తలుచుకుంటే నాకే దగ్గొస్తోంది.

సరే, తెలిసింది చెప్తాను. అది రొట్టెల పందెం వరస. డెబ్బై నాలుగు, సెప్టెంబరు మొదటి సోమవారం, హోలీ క్రీక్ ట్రాక్, రెండు వందల చుట్లు. అందులో ఎవడు ఎన్నో స్థానంలో వచ్చాడో ఆ వరస. అక్కకి తెలియకుండా ఎలా ఉంటుంది? నా కారు చుట్లు లెక్కపెట్టింది తనే. ఆ రోజుల్లో యంత్రాలేవి? కారుకొక ఆడమనిషి, పెళ్ళామో చెల్లెలో, ఎత్తు మంచె మీద కూర్చుని, తమ కారు ముందునుంచి పోయినప్పుడల్లా గడియారం చూసి కాగితం మీద టైము రాసుకోవాలి. నాకు పెళ్ళాం లేదు, అందుకని అక్క.

నేను వచ్చింది పదకొండో స్థానం. దేవుడి మీద ఒట్టు. కాని కాగితం మీద నాకు రెండు చుట్లు తక్కువ పడ్డాయి. నేను ఊరుకుంటానా, పందెం పెద్దాయన టోపీ తీసి నూనె డబ్బాలో ముంచాను. ఫలితాలు చదవకముందే నన్ను గేటు బయటికి నెట్టి, ఇక ఈ జన్మలో రావద్దన్నారు. కాబట్టి ఎవరు ఎక్కడో నేను వినలేదు. తర్వాత అక్క ఆల్బమ్ చూస్తే మొదట డాల్టన్ స్పియర్స్. నేను ముప్ఫై ఎనిమిది. నలభైలో ముప్ఫై ఎనిమిది బావా! ఏటా థాంక్స్‌గివింగ్ భోజనానికి వచ్చి అడిగేవాణ్ణి.

"అక్కా, ఇది ఆ పందెం వరసేనా?"

"అలాగే అనుకో."

"అయితే నన్ను పదకొండుకి మార్చు."

"కుదరదురా. నిన్ను బాగా చూసే పెట్టాను."

సొంత తమ్ముడికి అదీ న్యాయం!

మిగతావాళ్ళు ఏ స్థానమో నాకు తెలియదు. ట్రాక్ ఆఫీసు డెబ్బై తొమ్మిదిలో కాగితాలతో సహా కాలిపోయింది. ఆ రోజు పేపరువాళ్ళకి సెలవు. కాని మనుషులున్నారుగా. బతికున్నవాళ్ళ పేర్లు, ఊళ్ళు వెనక రాస్తున్నాను. వెళ్ళి అడుగు. కారు తోలినవాడు తన స్థానం చచ్చేదాకా మర్చిపోడు.

రాయ్స్


మార్లో మిల్స్
28 ఏప్రిల్

రాయ్స్‌కు,

నీ జాబితాలో తొమ్మిది మందిని కలిశాను.

వాళ్ళలో ఆరుగురు నాలుగో స్థానంలో వచ్చారు. దీని గురించి ఆలోచించాను. గెలిచానంటే ఎవరూ నమ్మరు. రెండూ మూడూ అంటే కప్పు చూపించమంటారు. నాలుగుకి ఏ బహుమతీ లేదు. అందుకని నాలుగు. ఇద్దరు అయిదన్నారు. వాళ్ళు నిజాయితీపరులై ఉంటారు. తొమ్మిదో ఆయనకు అసలు ఆ పందెమే గుర్తులేదు. తను గెలిచానని మాత్రం గుర్తుంది. ఇరవై దాటి వచ్చినవాడు రెండు రాష్ట్రాల్లోనూ ఒక్కడూ లేడు.

హోయ్ట్ బార్గర్ ఇంట్లో జరిగింది రాస్తాను. ఆయన "నాలుగు" అనగానే వంటగదిలోంచి భార్య వచ్చింది.

"నాలుగేమిటి? మూడో మలుపులో కంచె దాటి మొక్కజొన్న చేలో పడితే ట్రాక్టరు కట్టి లాగారు కదా నిన్ను."

"అది ఆ మరుసటి ఏడాది."

"మరుసటి ఏడాది నువ్వు కాలు విరిగి మంచం మీద ఉన్నావు."

"కాలు ఎందుకు విరిగిందే మరి?"

"చేలో పడి!"

ఆమె నాకు పీచ్ పళ్ళ పిండివంట ఇంకో ముక్క పెట్టింది. ఆయన పేరు ఎదురుగా ప్రశ్నార్థకం వేసుకున్నాను.

కోయ్ లెడ్‌బెటర్ నన్ను గుర్తుపట్టాడు. "మీరు మందుల షాపు ఆయన కదూ? ఎనభై ఆరులో నాకు 'త్వరగా కోలుకోండి' అని కార్డు పంపారు. నాకేమీ జబ్బు లేదప్పుడు. మందుల షాపు ఆయన పంపాడంటే ఏదో తెలిసే పంపుంటాడని భయపడి గుండె పరీక్ష చేయించుకున్నాను."

"ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు."

"మంచిది" అన్నాను. ఎందుకు పంపానో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

తొమ్మిది ఇళ్ళలోనూ తినక తప్పలేదు. మూడు పౌన్లు పెరిగాను. అందరూ వర్లీన్ ఎలా ఉందని అడిగారు. చెప్పాను. తొమ్మిదోసారికి చెప్పడం కొంచెం తేలికైంది. కొంచెమే.

ఆల్డెన్


బాసెట్ ఫోర్క్
5 మే

బావా,

ఆ ఆరుగురూ అబద్ధాలకోరులు. నాలుగో స్థానంలో ఎవడొచ్చాడో నాకు తెలియదు కాని వాళ్ళెవరూ కాదు. బార్గర్‌ని చేలోంచి లాగడం నేను చూశాను. వాడి కారులోంచి రాలిన కంకులు వాడే ఏరుకుని ఇంటికి పట్టుకెళ్ళాడు.

అయినా నువ్వు డాల్టన్ స్పియర్స్ దగ్గరికి ఎందుకు పోలేదు? గెలిచినవాడికి తన వెనక ఎవరున్నారో తెలుస్తుంది. స్టేట్స్‌విల్ దారిలో మొక్కలు అమ్ముకుంటున్నాడు. అడిగిన తర్వాత నా సంగతి కూడా అడుగు. పదకొండో కాదో వాడి నోటితోనే చెప్పమను.

చెమటకి మంచి పౌడరేదైనా ఉంటే పేరు రాయి.

రాయ్స్


మార్లో మిల్స్
9 జూన్

రాయ్స్‌కు,

డాల్టన్ స్పియర్స్‌ని కలిశాను. వయసు అరవై మూడు. తల మీద ఒక్క వెంట్రుక లేదు. ముందు పళ్ళు రెండు లేవు. నిలబడితే కొద్దిగా ఎడమకు వాలతాడు.

"రొట్టెల పందెం గెలిచింది మీరే కదా" అన్నాను.

అతను నవ్వి నవ్వి ఎరువు బస్తా మీద కూర్చుండిపోయాడు.

"గెలవడమా! తొమ్మిదో చుట్టులో ఇంజను పేలిపోయింది సార్. నలభై మందిలో మొట్టమొదట ఇంటిదారి పట్టింది నేనే. ఆఖరు స్థానం నాదే. కావాలంటే రండి, చూపిస్తాను."

వెనక షెడ్డులోకి తీసుకెళ్ళాడు. ఆ రోజు ఆఖరున వచ్చినవాడికి కంపెనీవాళ్ళు వేళాకోళంగా ఒక మాడిన రొట్టె బహుమతి ఇచ్చారట. దానికి వార్నిషు పూసి గోడకు తగిలించుకున్నాడు. కింద పేరు, తేదీ ఉన్నాయి. చేత్తో ముట్టుకుని చూశాను. రొట్టే. ఆ పందేనికి సంబంధించి ఈ భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క రుజువు అది.

"మరి మిగతా పందెమంతా ఏం చేశారు?" అన్నాను.

"ఏం చేస్తాను సార్. నూట తొంభై ఒక్క చుట్లు ఎండలో నిలబడ్డాను. ఆ చుట్లు లెక్కపెట్టే ఆడవాళ్ళ మంచె ముందు కొంచెం నీడ ఉండేది. చొక్కా విప్పేసి, నెత్తిన బకెట్టు నీళ్ళు గుమ్మరించుకుంటూ అక్కడే నిలబడ్డాను."

ఆల్బమ్‌లో మొదటివాడు పందెంలో ఆఖరువాడు. అంటే అది పందెం వరస కాదు. రెండున్నర నెలలు తప్పు చీటీ చూసి మందు కట్టాను.

వర్లీన్ సంగతి చెప్తే అతను చేతులు తుడుచుకుని, ఒక గులాబీ మొక్క తెచ్చి నా కారులో పెట్టాడు. డబ్బు తీసుకోలేదు. "ఏటా వసంతంలో వచ్చేది సార్. ఒకే ఒక్క మొక్క కొనేది. ఎంచడానికి మాత్రం గంట పట్టేది" అన్నాడు. ఇంటికొచ్చి పెరట్లో గులాబీలు లెక్కపెట్టాను. పద్ధెనిమిది ఉన్నాయి. ఆమెకు గులాబీలంటే అంత ఇష్టమని నాకు తెలియదు.

ఇంకెవరికి తెలుస్తుంది? నీ జాబితాలో నువ్వు రాయని పేరేదైనా ఉందా?

పౌడరు పేరు వెనక రాశాను. వేసుకునే ముందు తడి లేకుండా తుడుచుకో.

ఆల్డెన్


బాసెట్ ఫోర్క్
16 జూన్

బావా,

ఒక పేరు రాయలేదు. ఓటీ మాబ్రీ. మీ ఊరికి ఏడు మైళ్ళే. స్పియర్స్ కారు చుట్లు లెక్కపెట్టింది ఆవిడే, మంచె మీద అక్క పక్కనే కూర్చునేది. అక్కకి ప్రాణస్నేహితురాలు. ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు.

ఎందుకు రాయలేదంటావా? డెబ్బై అయిదులో నన్ను పెళ్ళి చేసుకోమని అడిగితే, ఆలోచించుకోవడానికి గడువు కూడా అడక్కుండా వద్దంది. అదీ సంగతి. ఇప్పుడు తృప్తిగా ఉందా?

నేను పంపానని చెప్పకు. ఒకవేళ ఆవిడే అడిగితే బాగున్నానని చెప్పు. జుట్టు ఉందని చెప్పు.

రాయ్స్


మార్లో మిల్స్
20 జులై

రాయ్స్‌కు,

ఓటీ మాబ్రీని కలిశాను. వరండాలో బీన్స్ ఈనెలు తీస్తోంది. నేను కార్డులు నంబర్ల ప్రకారం సర్దానని చెప్పగానే చేతిలో బీన్ కాయ గిన్నెలో పడేసింది.

"అయ్యో ఆల్డెన్‌గారూ! ఎంత పని చేశారు!"

"అది ఏ వరసో మీకు తెలుసా?"

"తెలుసు. మీకు చెప్పొచ్చో లేదో తెలియదు."

"నాకు అరవై ఆరేళ్ళు" అన్నాను.

ఆమె కొంగలా మెడ చాచి రోడ్డు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "అందం వరసండీ."

ఆమె చెప్పుకుపోయింది. ఆ రోజు తొమ్మిదో చుట్టుకే స్పియర్స్ ఇంజను పోవడంతో ఆమెకి లెక్కపెట్టడానికి కారు లేదు. పని లేదు. ఎదురుగా స్పియర్స్ చొక్కా లేకుండా నీళ్ళు పోసుకుంటున్నాడు. వర్లీన్ చేతిసంచిలోంచి కార్డులు తీసి ఒళ్ళో పరిచింది. ఇద్దరూ కలిసి నలభై మందినీ అందాన్ని బట్టి వరసలో పెట్టారు. స్పియర్స్ మొదటివాడు. ఈ పనిలో పడి ఒక కారు ముందునుంచి రెండుసార్లు పోవడం వర్లీన్ గమనించలేదు. అది నీ కారు.

కాబట్టి నువ్వు చెప్పింది నిజం. నీకు రెండు చుట్లు అన్యాయంగా పోయాయి. నువ్వు పదకొండో స్థానంలోనే వచ్చి ఉంటావు. ఇన్నేళ్ళు నమ్మనందుకు క్షమించు.

ఆల్బమ్‌లో ముప్ఫై ఎనిమిది మాత్రం వేరే సంగతి. నీ కింద ఇద్దరు. ఒకడు పొగాకు నమిలి మీ అక్క చెప్పు మీద ఉమ్మాడు. రెండోవాడు ఫోటోలో కళ్ళు మూసుకున్నాడు. గార్లండ్ టైస్ అనే అతను ఫోటోకే రాలేదట. అతని కార్డు మీద ఉత్త కారు బొమ్మ వేశారు. అతను ముప్ఫై అయిదు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి వర్లీన్ ఓటీకి ఫోను చేసి వరస మార్చేది. ఎవరైనా కిరాణా కొట్లో కనిపిస్తే, లావెక్కితే, మీసం తీసేస్తే మార్పు. నేను పక్కగదిలోనే పేపరు చదువుకునేవాణ్ణి. 'వాడు పడిపోయాడే', 'వీడు ఈ వారం బాగా పెరిగాడు' అని వినిపించేది. షేర్ల గురించి అనుకున్నాను. పొదుపు మీద శ్రద్ధ పుట్టిందని సంతోషించాను కూడా. ఎనభై ఆరులో ఒకరోజు 'కోయ్ లెడ్‌బెటర్ మరీ దిగిపోయాడు పాపం' అంది. ఆరోగ్యమనుకుని కార్డు పంపాను.

పద్ధెనిమిది గులాబీల సంగతీ అర్థమైంది.

చివరి ఆదివారం గురించి అడిగాను. ఓటీ కళ్ళు తుడుచుకుంది. "'స్పియర్స్‌ని దింపేశానే' అంది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. 'ఎవర్ని ఎక్కించావే?' అన్నాను. 'ఊహించు, పై వారం చెప్తా' అంది."

పై వారం లేదు. కాబట్టి ఆ వరస ఓటీకి కూడా తెలియదు. ఎవరికీ తెలియదు. నేను చెరిపేసింది ఇక దొరకదు.

లేవబోతూ ఒక మాట అడిగాను. "నన్ను ఎక్కడ పెట్టేది?"

"మీకు కార్డుందా?"

"లేదు."

"మరి?" అంది. ఇంకో రెండు కాయలకి ఈనెలు తీసింది. "నేనూ అడిగాలెండి ఒకసారి. ఆల్డెన్‌ని కలిపితే ఎక్కడొస్తాడే అని. 'వారం వారం మార్చాలనిపించేవాళ్ళకే ఓటీ ఈ పుస్తకం' అంది."

నేను కూర్చుని మిగతా బీన్స్‌కి ఈనెలు తీశాను. చాలా ఉన్నాయి.

నీ గురించి ఆమె అడగలేదు. నేనే చెప్పాను. జుట్టు సంగతి కూడా.

ఆల్డెన్


బాసెట్ ఫోర్క్
27 జులై

బావా,

పదకొండు! చెప్పానా లేదా? ఇరవై రెండేళ్ళుగా చెప్తూనే ఉన్నాను! ఆ పెద్దాయన బతికుంటే ఆ టోపీ మళ్ళీ ముంచేవాణ్ణి!

కాని ముఖమే లేని వాడు నాకంటే పైనా? ఉత్త కారా? అది కూడా కుడి తలుపు సొట్టపోయిన కారు బావా, నాకు గుర్తుంది! మా అమ్మ నన్ను చూసి ఊళ్ళోవాళ్ళ దిష్టి తగులుతుందనేది. సొంత అక్క! పైగా నాతో "నిన్ను బాగా చూసే పెట్టాను" అని మొహమ్మీదే చెప్పింది, నాకే అర్థం కాలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. నవ్వుతూ నవ్వుతూ నిన్న కారు పక్కకి ఆపుకోవాల్సి వచ్చింది. ఎందుకో నవ్వు కాస్తా ఇంకోలా అయింది. అదలా వదిలెయ్.

నువ్వు మాత్రం దిగాలుపడి కూర్చోకు. వరస పోయిందంటున్నావు. ఆ వరస వారం కంటే ఎక్కువ ఎప్పుడుంది బావా? ఓటీ ఏమంటుందో మళ్ళీ వెళ్ళి అడుగు. నేను వేరే ఉద్దేశంతో అనడం లేదు.

కొత్త ఫోటో ఒకటి జత చేస్తున్నాను. మొన్ననే తీయించాను. ముప్ఫై ఎనిమిది అన్యాయమని నీకే తెలుస్తుంది.

రాయ్స్


మార్లో మిల్స్
18 ఆగస్టు

రాయ్స్‌కు,

ఫోటో అందింది. జుట్టు రంగు చెవుల మీదకి కూడా దిగింది. పావుగంట కంటే ఎక్కువ ఉంచకూడదని డబ్బా మీద రాసి ఉంటుంది.

ఓటీని మళ్ళీ అడిగాను. నువ్వన్నదే అంది. "ఆ వరస పోతే పోయింది. ఎలాగూ పై ఆదివారానికి మారిపోయేదే." అది నిజం. ఆ మాట కొంత పనిచేసింది.

నిన్న ఆదివారం. చర్చి నుంచి వచ్చి నలభై కార్డులూ భోజనాల బల్ల మీద పరిచాను. ఇన్నేళ్ళలో వాళ్ళ ముఖాలు సరిగ్గా చూడడం ఇదే మొదటిసారి. నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. ముక్కుకి పది మార్కులు, పళ్ళకి పది, జుట్టుకి పది. కూడి, ఎక్కువ నుంచి తక్కువకి. రెండు గంటలకి ఓటీకి ఫోను చేసి చదివాను.

"మందులు కలుపుతున్నారా ఆల్డెన్‌గారూ?" అంది. "వర్లీన్‌కి ఒకటే లెక్క. 'ఈ మనిషి పక్కన కూర్చుని పక్క ఊరి దాకా కారులో హాయిగా వెళ్ళగలనా?' అంతే."

ఆ లెక్కన మళ్ళీ మొదటినుంచి పెట్టాను. చాలామంది మారారు. మాట్లాడకుండా కారు తోలగలిగేలా కనిపించేవాళ్ళు పైకి వచ్చారు. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్న ఒకతను పంతొమ్మిది స్థానాలు ఎక్కాడు. నువ్వు ముప్ఫై తొమ్మిదికి దిగావు. నీ పక్కన కూర్చుని నేను రిచ్‌మండ్ దాకా వచ్చినవాణ్ణి. ఓటీ ఫోటో సంగతి విని, ఒకసారి చూస్తానని, ఈ వారానికి ముప్ఫై ఎనిమిదిలోనే ఉంచమంది. ఉంచాను.

మొదటి స్థానం దగ్గర ఇద్దరికీ కుదరలేదు. వర్లీన్ ఆఖరున కోయ్‌నే ఎక్కించి ఉంటుందని ఆమె. హోయ్ట్ బార్గర్ అని నేను. డిసెంబరులో పోస్టాఫీసు మెట్ల దగ్గర మంచు ఉంటే, హోయ్ట్ ఆమెను చెయ్యి పట్టుకుని కారు దాకా దిగబెట్టాడు. కుంటికాలితో. ఇంటికొచ్చి నాతో రెండుసార్లు చెప్పింది. నేను పేపరు చదువుతున్నాను, అయినా విన్నాను. అది రుజువు అన్నాను. కాదంది. యాభై నిమిషాలు వాదించుకున్నాం. ఆమె గొంతు పెంచింది. నేనూ పెంచాను. గోడ పక్కన నిలబడి ఫోనులో అరవడం నాకు ఇదే మొదటిసారి. చివరికి ఆమె "సరే, ఈ వారానికి హోయ్ట్, వచ్చేవారం చూసుకుందాం" అని పెట్టేసింది.

ఇది వర్లీన్ వరస కాదు. ఆ సంగతి నాకు తెలుసు. అయిదారు చోట్ల ఆమె ఒప్పుకుంటుంది. మిగతా చోట్ల నవ్వుతుంది.

ఆల్బమ్ నీకు ఇస్తానని మార్చిలో రాశాను. ఇవ్వను. వచ్చి చూసుకోవచ్చు. జేబుల్లోంచి నీ కార్డు తీయనని మాటివ్వాలి.

ఇంకొకటి. ఆదివారాలు రెండు నుంచి మూడు దాకా మా ఫోను ఖాళీ ఉండదు. ఏదైనా ఉంటే ఉత్తరం రాయి.

ఆల్డెన్